పటం చుట్టే వేళ

అవ్వ పోయి ఏడాది కావస్తోంది; మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం. కథల నిర్మాణం గురించి నేను చదివిన పుస్తకాలు అల్మారాలో అలాగే ఉన్నాయి. ఇల్లు విడవడం, తోడు దొరకడం, పరీక్ష, తిరిగి రావడం: ఎక్కడి కథకైనా ఇదే చట్రమని అవి చెబుతాయి. నేను కాదనను. దాన్ని మొదట చూసింది మాత్రం కరీంనగర్ వైపు మా నేతవాళ్ళ వాడలో, ఒక గుడ్డ పటం మీద.

మా కులం పుట్టుక కథ చెప్పేవాళ్ళు రెండు మూడేళ్ళకోసారి వచ్చేవారు. పొడవాటి పటాన్ని ఒక్కో బొమ్మే కనిపించేలా విప్పుతూ, కర్రతో చూపిస్తూ, కొన్ని సాయంత్రాలు చెప్పేవారు. మొదటి నేతగాడు నూలుకు రంగులు తేవడానికి అడవికి పోతాడు. పులి తోడొస్తుంది. రాక్షసుడు అడ్డం పడతాడు. పటంలో రాక్షసులందరికీ ఒకే కోరలు, ఆడవాళ్ళందరికీ ఒకే ముఖం. గడపలో నిలబడ్డ నేతగాడి భార్య మా పక్కింటామె కావచ్చు, అవ్వ కావచ్చు. నేతగాణ్ణి దారిలో వదిలేసి పటం చుడితే, ఊరు విడిచి పోయినవాళ్ళకు మంచిది కాదని వాడలో నమ్మేవారు. అందుకే అతని అడవి ప్రయాణమంతా ఒకే సాయంత్రంలో ముగించేవారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో బాపు, అంటే మా నాన్న, బొంబాయి దగ్గరి భివండికి మరమగ్గాల పనికి పోయాడు. దసరాకు వస్తానన్నవాడు శివరాత్రి దాటినా రాలేదు. కబురు కూడా లేదు. అప్పుడే కథవాళ్ళు వచ్చారు. రెండో సాయంత్రం, నేతగాడు అడవిలో ఉండగా వాన మొదలైంది. రంగులు తడుస్తాయని కథాయన పటం చుట్టబోయాడు. అందరూ లేచారు. అవ్వ లేవలేదు.

"ఆయన్ను అడవిల ఇడిచిపెట్టి సుడ్తవా తమ్మీ?"

"వాన కొడ్తుందక్కా. రేపు ఇంటికి తోల్కొస్తం గదా."

"రేపటి దాంక ఆయనేం తినాలె?"

"పులి తెచ్చిపెడ్తది తియ్యి," అన్నది పక్కింటామె. ఆడవాళ్ళు నవ్వారు.

అవ్వ నవ్వలేదు. పటాన్ని మా మగ్గం అర్రలోకి తెప్పించి దూలానికి కట్టించింది. తొందరగా ముగించాలని కథాయన రాక్షసుడి బొమ్మ దాటేయబోతే, "గా బొమ్మ ఇడుస్తున్నవ్," అన్నది. నేతగాడు రంగులతో గడప ఎక్కాకే కథవాళ్ళకు జొన్నరొట్టెలు పెట్టింది.

బాపు ఎండాకాలంలో వచ్చాడు, చిక్కిపోయి, ఒక రేకుపెట్టెతో. ఆ కథ సంగతి అవ్వ ఆయనకు చెప్పినట్టు లేదు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది.

కథవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు అవ్వ ముందు వరసలోనే కూర్చుంది. నేతగాడు అడవిలోకి అడుగు పెట్టాడో లేదో, ఎదురుగా మా ఇంట్లో బాపు మగ్గం గుంటలోంచి లేచిన చప్పుడైంది. అవ్వ కొంగు సర్దుకుని లేచింది.

"ఏందక్కా, ఆయన ఇంక అడవిలనే ఉన్నడు గద, పోతున్నవ్?" అన్నాడు కథాయన.

"ఆయనొస్తడు తియ్యి. గీయనకు ఆకలైతుంది."