పదమూడు బారల తాడు

మా ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు, ఒక ఎండాకాలం నేను ఊరి గొంతు పట్టుకుని కూర్చున్నానని. నిజమే, పట్టుకున్నాను. ఇంకొకరు దానికి తోకలు తగిలించి చెప్పే ముందు నేనే రాస్తున్నాను. నేను చదివింది రెండో తరగతి. అక్షరాలు వంకరపోతే పోనీ, మాట వంకరపోకుండా చూసుకుంటాను.

యర్రగొండపాలెం నుంచి అడివి వైపు నడిచి వస్తే మా ఊరు. కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన తొలినాళ్ళు. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఊరంతటికీ మంచినీళ్ళ బావి ఒక్కటే. దాని మీద కొయ్య గిలక ఒకటి. తాడూ చేదా ఎవరివి వాళ్ళు తెచ్చుకుని తోడుకోవాలి.

ఏదైనా పారేయడం నాకు చేతకాదు. చేను గట్టున కిత్తనార మట్టలు కోసి, నానబెట్టి, దంచి, నార తీసి తాడు పేనేదాన్ని. అందరి తాళ్ళూ ఎనిమిది బారలు. రెండు చేతులు చాస్తే ఎంతో, బార అంత. నేను మాత్రం నార మిగిలినకొద్దీ పేనుతూ పోయాను. రెండేళ్ళకు పదమూడు బారలైంది. మధ్యలో ఒక్క ముడి లేదు.

మా మరిది భార్య, నా యారాలు, అది చూసి ఒకటే నవ్వు.

"ఏందక్కా, ఈ తాడుతో నల్లమలను కట్టేసి ఇంటికి లాక్కొస్తావా ఏంది?"

పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. నేను పేనుతూనే ఉన్నాను.

ఆ ఏడు వాన లేదు. ఉగాది దాటేసరికి బావి అడుక్కు దిగింది. ఒక పొద్దున అందరి చేదలూ బావి మధ్యలో గాలికి వేలాడాయి. నా చేద ఒక్కటే బుడుంగున మునిగింది. అంత ఇంపైన చప్పుడు నేను ఆ ముందెప్పుడూ వినలేదు.

రెండు రోజులు అడిగినవాళ్ళకల్లా తాడు ఇచ్చాను. మూడోనాడు, నన్ను చూసి నవ్వినవాళ్ళలో ఒకామె వచ్చి, "వదినా, ఒక్క కడవ తోడుకుంటా" అంది. చేతిలో పనుండి "ఉండు" అన్నాను. ఆమె నిలబడింది. పని అయిపోయింది. అయినా తోడుకోమని నేను చెప్పలేదు. ఆమె నిలబడే ఉంది.

ఉండు అంటే ఒక మనిషి నిలబడుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. పుట్టింట్లో నాయన కేకకు, అత్తింట్లో అత్త కేకకు లేచి పరిగెత్తినదాన్నే గానీ, నా మాటకు ఆగినవాళ్ళు లేరు.

ఆ మర్నాటి నుంచి ఎవరు ముందో, ఎవరికి ఎన్ని కడవలో నేనే చెప్పాను. అడగకుండానే ఒకామె నా వాకిలి అలికి పోయేది. ఇంకొకామె పిడకలు తెచ్చి పెట్టేది. వద్దనలేదు. అన్నం తింటున్నా తాడు పక్కనే ఉండాలి. మా ఆయన చూసి చూసి, "నేను కట్టిన తాడు కన్నా ఈ తాడే ముద్దొచ్చె గదనే నీకు" అన్నాడు. నవ్వలేదు నేను.

అప్పుడొక ముసలామె, "రెండు తాళ్ళు కలిపి ముడేసుకుంటే సరిపాయె గదమ్మా, ఈమెను బతిమిలాడేదెందుకు?" అంది.

చుట్టిన తాడును ఒళ్ళోకి లాక్కున్నాను. నోటికి ఎలా వచ్చిందో గానీ, వెంటనే వచ్చింది.

"ముడేసిన తాడు పాడెకు కట్టేది. బావిలో దించితే గంగమ్మ అలిగి పోతాది. మా అవ్వ చెప్పింది."

మా అవ్వను నేను చూడనైనా లేదు. ఆ మాట ఆ క్షణాన నా నోట్లో పుట్టింది. అందరూ తలలు దించుకుని వరసలో నిలబడ్డారు.

యారాలికి ఆరు గొర్రెలు ఈనాయి. రెండు కడవలు ఎక్కువ కావాలని అడిగింది.

"నల్లమలను కట్టేసే తాడు గదమ్మా ఇది. గొర్రెలకు యాడ సరిపోతాది?" అన్నాను.

ఆమెను చివరికి నిలబెట్టాను. ఆమె వంతు వచ్చేసరికి తాడు చుట్టేశాను.

"తల్లులకు పాలెండిపోతే పిల్లలు చస్తాయక్కా."

"చస్తే చావనీ."

అన్నాను. ఆ మాట కూడా రాస్తున్నాను.

మర్నాడు పొద్దున ఆమె రెండు తాళ్ళు కలిపి పిడికిలంత ముడివేసి తెచ్చింది. ముడి గిలకలో నడవదు. అందుకని బావి చుట్టూ కట్టిన రాతి ఒరకు కాళ్ళు తన్నిపెట్టి, గిలక లేకుండా చేతులతోనే దించింది. ఆడవాళ్ళు వెనక్కి జరిగారు.

"ఊరిని ముంచుతావా ఏందే?" అని అరిచాను.

"ముంచేదానికి నీళ్ళు యాడుండాయక్కా?"

చేద నిండుగా పైకొచ్చింది. ఆమె నీళ్ళు కడవలో పోసి బావిలోకి తొంగి చూసింది.

"గంగమ్మ ఈడనే ఉందక్కా. అలిగింది నా మీదనా, నీ మీదనా? అడగమంటావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పైన అందరూ. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో తాళ్ళన్నిటికీ ముళ్ళు పడ్డాయి.

రాతి ఒర మీద లాగి లాగి యారాలి అరచేతులు చీరుకుపోయాయి. అది చూసి నా తాడును గిలక మీద వేసి, ఎవరైనా వాడుకోవచ్చని చెప్పి ఇంటికి వచ్చేశాను. వాన పడేదాకా ఎవరూ దాన్ని ముట్టలేదు. చేతులు పుండ్లు చేసుకున్నారు గానీ ముట్టలేదు. ఆరు గొర్రె పిల్లలూ బతికాయి. గోడ మీది నుంచి చూశాను.

నన్ను రాక్షసి అన్నవాళ్ళకు నేను తలవంచలేదు. ఇప్పుడూ వంచను. అదే తాడు మీ చేతిలో ఉండి, ఊరంతా మీ "ఉండు"కు నిలబడితే, ఎన్నో రోజున వదిలేవాళ్ళో మీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. నా మీద వేయగలిగిన తప్పు ఇంకొకటుంది, అది వాళ్ళకు తెలియదు. ఆ ఎండాకాలం చివర బావి ఇంకో బార దిగితే, ముడి తాళ్ళ వల్లేనని కొందరు గుసగుసలాడారు. అబద్ధమని నోరు విప్పాల్సింది నేను. విప్పలేదు.

మొన్న కరెంటు మోటారు కాలిపోయి బావి దగ్గరికి పోవలసి వచ్చింది. నా మనవడి భార్య రెండు పొట్టి తాళ్ళు పట్టుకుని ఒర దగ్గర ఊరికే నిలబడి ఉంది.

"ఏందే, దిష్టిబొమ్మ మాదిరి నిలబడినావు?"

"ముడి తాడు బావిలో ఏయకూడదంట గదవ్వా. గంగమ్మ పోతాదంట."

"ఎవరన్నారే?"

"పెద్దోళ్ళు."

"ఆ పెద్దది నేనే. అబద్ధం చెప్పినా. ఇటు తే."

రెండు తాళ్ళూ కలిపి ముడివేసి, మిగిలిన పళ్ళతో బిగించి, నా చేతులతోనే దించాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. కింద చేద బుడుంగుమంది.