పడవ గదిలో పెద్దబాపు దారం

మా పెద్దబాపు పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను మానేరు డ్యాం ఒడ్డున కట్టేసిన తెరచాప పడవ లోపల, దాని చిన్న గదిలో, పరుపులు ఎత్తి గోడకు నిలబెడుతున్నాను. ఫోను చేసింది ఆయన బిడ్డ, నాకు చెల్లె. "అక్కా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ తాగి, జరసేపు ఒరుగుత అని ఒరిగిండు. మల్ల లేవలే" అంది.  ఫోను పక్కన పెట్టి, మిగిలిన రెండు పరుపులు కూడా నిలబెట్టి, అప్పుడు బయటికి వచ్చాను. నాది రాతిగుండె అని మీరు అనుకోవచ్చు. పరుపులు అలాగే పడేసి కడసారి చూపుకు వెళ్లి ఉంటే, ఆయన పాడె మీద నుంచి లేచి మరీ నన్ను వెనక్కి పంపేవాడు.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. వయసులో ఉండగా సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. కూలి గిట్టక దుబాయి పోయాడు. అక్కడ ఒక ధనవంతుడి పడవకు తెరచాప చినిగితే, బట్ట సంగతి తెలిసినవాడు కదా అని కుట్టడానికి ఈయన్ని పిలిచారట. ఆ కుట్టు చూసి ముచ్చటపడి పడవ లోపలి గదిని కూడా ఈయనకే అప్పగించారు. యజమాని ఏడాదికి రెండుసార్లు వస్తే ఎక్కువ. మిగతా రోజులన్నీ గదికి తాళమే. ఎప్పుడు తాళం తీసినా లోపల బూజు కనబడకూడదు, ముక్కిన వాసన రాకూడదు. అదీ ఈయన ఉద్యోగం. ఎడారి దేశం పోయి చెమ్మతో కొట్లాడి వచ్చిన మనిషి మా చుట్టాల్లో ఈయనొక్కడే.

"పడవ మునిగితె ఊరంత చూస్తది. బూజు పడితె ముక్కు ఒక్కదానికే తెలుస్తది" అనేవాడు. దుబాయి నుంచి తిరిగొచ్చాక ఆ ముక్కు మమ్మల్ని బతకనివ్వలేదు. ఎవరింటికి వెళ్లినా ముందు దుప్పటి వాసన చూసి, తర్వాతే మంచం మీద కూర్చునేవాడు. చెల్లె పెళ్లిచూపులప్పుడు కాబోయే వియ్యాలవారి ఇంట్లో బీరువా తెరిచి లోపల తల పెట్టాడు. పెద్దవ్వ, అంటే ఆయన భార్య, దానికి ఏడాది పాటు దెప్పింది. "పిల్లనిచ్చే ఇల్లాయె, చూడొద్దా మరి?" అని ఈయన జవాబు. పైగా తెరిచిన బీరువాను మూయలేదు. చీరలకు గాలి తగలాలట.

మూడేళ్ల కింద హుజూరాబాద్‌లో పత్తి వ్యాపారం చేసే ఒక సేటుకు సరదా పుట్టి, సముద్రం ఒడ్డు నుంచి పాత తెరచాప పడవ కొని, లారీ మీద తెచ్చి మా డ్యాం నీళ్లలో దింపాడు. లోపల నలుగురు పట్టే గది, రెండు బల్లలు, పరుపులు, సామాను పెట్టుకునే అరలు. కుటుంబాలు వచ్చి సాయంత్రం పూట షికారు చేసి పోతాయని ఆయన ఆలోచన. సాంచాలు ఆగిపోయి, నూలు కండెలు చుట్టే పని పోయి, నేను ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న రోజులవి. పడవ నడపడానికి ఒక జాలరిని, చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత నాకు పొద్దున లేవగానే పోవడానికి ఒక చోటు దొరికింది.

మొదటి వానాకాలానికే ఆ సంబరం తీరింది. వచ్చిన ఆడవాళ్లు గదిలోకి తొంగిచూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బయటే నిలబడేవారు. వాన లోపలికి వస్తోందేమోనని నేను టార్పాలిన్ తెచ్చి, చంటిపిల్లకు గుడ్డ చుట్టినట్టు పడవ మొత్తం చుట్టేశాను. వాసన ఇంకా పెరిగింది. సేటు ఒకరోజు వచ్చి చూసి, "దసరా దాక చూస్త. గీ వాసన పోకపోతె అమ్ముడే" అన్నాడు. పడవ పోతే నా పనీ పోతుంది. నేను నేరుగా పెద్దబాపు ఇంటికి పోయి ఏడ్చాను. ఆయన సంగతంతా వినలేదు. చెప్పులు వేసుకున్నాడు.

వచ్చీ రాగానే టార్పాలిన్ పీకించాడు. "పడవకు ఊపిరి ఆడుతలేదు బిడ్డా. నీళ్ల మీద బతికేదానికి నీళ్లతోని ఫికర్ లేదు, ఆగిన గాలితోనే ఫికర్" అన్నాడు. అదే టార్పాలిన్‌ను వెదురు బొంగుల మీద పందిరిలా ఎత్తి కట్టాడు. ముందున్న పై మూత, వెనక తలుపు రెండూ తెరవమన్నాడు. ఒక్కటి తెరిస్తే చాలదట, "వచ్చిన గాలికి పోయే తొవ్వ గూడ ఉండాలె" అన్నాడు. పరుపులు పడుకోబెట్టవద్దు, అరల తలుపులు వేలెడు సందు ఉంచాలి, తడిసిన లైఫ్ జాకెట్లు లోపలికి రావద్దు. నల్ల మచ్చలను సిర్కాతో, అదే వెనిగర్‌తో, తుడిచి, వెంటనే పొడిబట్టతో మళ్లీ తుడిపించాడు. కట్టెబొగ్గును గుడ్డ సంచుల్లో పోసి మూలల్లో పెట్టించి, వారానికోసారి ఎండలో ఆరబెట్టమన్నాడు. నేను స్టవ్ మీద చాయ పెట్టబోతే ఒడ్డుకు తరిమాడు. ఆ ఆవిరంతా పోయి కప్పుకు అతుక్కుంటుందని ఆయన బాధ.

చివరికి చొక్కా జేబులోంచి మూరెడు నూలు దారం తీసి, గది నడిమధ్యన కప్పుకు కట్టి వేలాడదీశాడు. "గిది ఆడుతుంటె నువ్వు నిమ్మళంగ ఇంటికి పో. ఆగిందా, యాడనో తొవ్వ మూసుకున్నట్టే. లేచి చూడు" అన్నాడు. దుబాయి పడవలోనూ ఆయన దారమే కట్టాడట. యజమాని అది చూసి నవ్వి, తర్వాత తన ఇంట్లో కూడా కట్టించుకున్నాడట. ఈ రెండో మాట ఎంతవరకు నిజమో నాకు తెలియదు గానీ, చెప్పిన ప్రతిసారీ ఆయన ముఖం వెలిగిపోయేది. "ఇన్నేండ్లల్ల నా గదిల ఒక్కపారి గూడ బూజు రాలే" అని దానికి ముక్తాయింపు.

నెల తిరిగేసరికి వాసన పోయింది. అప్పుడు బతుకమ్మ వచ్చింది.

మన ఇళ్లలో ఆ పండుగకు ముందు ఏం చేస్తామో మీకు చెప్పనక్కరలేదు. చీపురు నుంచి చాట దాకా బయటేసి, ఇల్లంతా బిందెలతో నీళ్లు పోసి కడుగుతాం. ఇంత బాగుపడిన పడవను కడగకుండా పండుగ చేసుకోవడానికి నాకు చేతులు రాలేదు. ఎంగిలిపూల రోజు, అంటే పండుగ మొదటిరోజు, పొద్దున్నే గదిలో పన్నెండు బకెట్లు పోసి, కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది కడిగాను. అద్దంలా మెరిసింది. దుమ్ము పడకూడదని మూత, తలుపు గట్టిగా బిగించి ఇంటికి పోయి బతుకమ్మ పేర్చుకున్నాను. పండుగ దాకా షికార్లు ఆపేశాం కనుక మళ్లీ ఆ వైపు వెళ్లలేదు.

ఆరో రోజున పెద్దబాపుకు ఎందుకో మనసాగక, పోయి చూద్దామన్నాడు. తలుపు తీయగానే లోపలి గాలి మా ముఖాలకు కొట్టింది. పరుపుల మీద బూడిదరంగు నూగు. నేను పోసిన నీళ్లు అడుగు పలకల కింద అలాగే నిలిచి ఉన్నాయి. దారం నిట్టనిలువుగా, కదలకుండా ఉంది. పెద్దబాపు దాని వంక చూశాడు, నా వంక చూశాడు. నా ఖర్మ కొద్దీ అప్పుడే సేటు కారు ఒడ్డున ఆగింది. ఆయన గదిలోకి వంగి, పలకల సందుల్లో నీళ్లు చూసి, జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని, "ఎవలు కడుగుమన్నరు దీన్ని?" అన్నాడు.

నేను ఒక పరుపు ఎత్తి బయటికి తేబోయాను.

"నేనే కడుగుమన్న సేటు" అన్నాడు పెద్దబాపు. "పండుగ గదా అని. తప్పయింది. దసరా దాక టైం ఇయ్యి."

దసరాకు నాలుగు రోజులే ఉంది. అడుగు పలకలన్నీ ఊడదీసి, నీళ్లు గుడ్డతో పిండి పిండి ఎత్తాం. మళ్లీ సిర్కా, మళ్లీ పొడిబట్ట. బ్యాటరీ ఫ్యాను ఒకటి తెచ్చి పలకల కిందికి తిప్పి పెట్టాం. పరుపులు డ్యాం కట్ట మీద ఎండలో వరుసగా నిలబెడితే, వచ్చేపోయేవాళ్లు ఎవరిదో పెళ్లి విడిది అనుకున్నారు. మూడో రోజున నేను అడిగాను, ఎందుకట్ల చెప్పినవ్ పెద్దబాపూ, ఇన్నేండ్ల నీ పేరు పాయె గదా అని. ఆయన ఒక పలకకు ముక్కు ఆనించి వాసన చూస్తున్నాడు. "తడి ఉన్నదానికే బిడ్డా బూజు పడేది. నీది ఇంక ఇప్పుడిప్పుడు కట్టుకుంటున్న పేరు. నాది ఎప్పుడో ఎండింది, ఏం గాదు" అని పలకను నా చేతికిచ్చాడు. "గిది జర ఎండకు పెట్టు" అన్నాడు.

దసరా పూజకు సేటు భార్య వచ్చి గదిలో కూర్చుని, గంట దాకా లేవలేదు. పడవ నిలిచింది. నా పని నిలిచింది. ఆ తర్వాత సేటు ఎక్కడ కలిసినా పెద్దబాపును ఆటపట్టించేవాడు. ఈయన నవ్వి ఊరుకునేవాడు. నేనూ ఊరుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే రెండేళ్లు గడిపాను. సిగ్గుగానే ఉంది ఈ మాట రాయడానికి.

పదకొండో రోజు దినాలకు సేటు వచ్చాడు. భోజనాలయ్యాక పందిట్లో అందరూ పెద్దబాపు ముచ్చట్లు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. సేటు కూడా ప్రేమగానే అందుకున్నాడు. "అంత పనిమంతుడు. ఒక్కపారే తప్పు చేసిండు. బతుకమ్మకని పడవ కడిగిచ్చిండు." అందరూ నవ్వారు. చేతిలో నీళ్ల చెంబుతో నేను లేచి నిలబడ్డాను.

"గది కడిగింది నేను సేటు. పెద్దబాపుకు ఎరుకనే లేదు. నా పని పోతదని మీదేసుకున్నడు" అన్నాను. చెప్పేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

సేటు నా వైపు తిరిగాడు. పని ఉంటుందో ఊడుతుందో అని ఆ క్షణంలో నాకు గుర్తు కూడా రాలేదు. ఆయన తల ఊపి, "అంటె ఆ మనిషిది ఒక్క తప్పు గూడ లేదన్నట్టు" అన్నాడు.

"ఎందుకు లేదు? బీరువా సంగతి మర్శిండ్రా?" అంది లోపలి నుంచి పెద్దవ్వ. పందిరంతా మళ్లీ నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ పెద్దవ్వ కూడా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే పడవ దగ్గరికి వెళ్లాను. రాత్రి వాన పడి ఒడ్డంతా బురదగా ఉంది. నేను లేని రోజుల్లో మా జాలరి వెనక తలుపు తెరిచే ఉంచాడు. వంగి లోపలికి పోయి, ఆయన చూసినట్టే ముక్కు ఎగబీల్చి చూశాను. ఆరిన కట్టె వాసన తప్ప ఏమీ లేదు. పరుపులు గోడకు నిలబడి ఉన్నాయి. రెండేళ్లకే కాస్త నల్లబడిన ఆ మూరెడు దారం నా తల మీద ఒకసారి నీళ్ల వైపు, ఒకసారి ఒడ్డు వైపు, మెల్లగా ఆడుతూ ఉంది.