శుక్రవారం దీపం

మైదుకూరులో అంగడి వెనక ఒంటిగదిలో కాపురం కనకరత్నమ్మది. అంగడిలో బేరాలు తగ్గినకొద్దీ ఆమెకు నియమాలు పెరిగాయి. పొద్దు గూకితే చీపురు పట్టదు, ఎవరికీ ఉప్పు బదులివ్వదు. శుక్రవారం దీపం పెట్టాక బీరువా తెరవదు. లక్ష్మి వెళ్లిపోతుందని భయం. బొడ్లో దోపుకున్న తాళంచెవిని మాటిమాటికీ తడుముకుంటుంది.

ఆ శుక్రవారం దీపం వెలిగించిన కాసేపటికే భర్త నాగేశ్వరయ్యకు ఉబ్బసం తిరగబెట్టింది. పీల్చే మందు అయిపోయింది. పక్కింటి ఆటో జిలాని బాషా పరుగున వచ్చాడు. “దుడ్డు ఇయ్యక్కా, మందు తెస్తా.” “దీపం పెట్టేసినానప్పా, ఇప్పుడెట్లా తీసేది?” “అన్న ఊపిరాడక కొట్టుకుంటాంటే దీపమంటావేందక్కా! మాకూ శుక్రవారం పెద్ద దినమే. ఆ పొద్దు ఇస్తేనే ఇంట్లో బర్కతు, సిరి నిలుస్తాదంటారు మావోళ్లు” అంటూ తన దుడ్డుతోనే తేవడానికి పరుగెత్తాడు. కనకరత్నమ్మ ఏడుస్తూ భర్త వీపు నిమిరింది. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఆయన మాట రాక ఫ్యాను వైపు చెయ్యి చూపించాడు. ఆమె గబగబా లేచి స్విచ్చి మీద వేలు పెట్టింది. ఫ్యానుకు ఎదురుగానే, పటం ముందు దీపం. వేలు అక్కడే ఉండిపోయింది.