కల్యాణం నాడు పుట్టిన పిల్ల

మిషన్‌లోంచి వేడివేడిగా బయటికొచ్చిన జిరాక్స్ కాగితం వాసన తగిలితే నాకు ఇప్పటికీ మా నాయన చొక్కా గుర్తొస్తుంది. ఈ పదిహేను రోజుల్లో ఆ వాసన పీల్చినంతగా నేను పెద్దయ్యాక ఎప్పుడూ పీల్చలేదు. మా చెల్లెలు రేణుక గల్ఫ్‌లో ఒక దేశపు సరిహద్దు దగ్గర ఇమ్మిగ్రేషన్ వాళ్ళ నిర్బంధంలో ఉంది. దాని కాగితాలు పట్టుకుని అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు, పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు తిరగడమే నా పని. తిరుగుతున్నానన్న పేరే గానీ చేయగలుగుతున్నది ఏమీ లేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

మా చిన్నప్పుడు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాన్నొకటి తోసుకునే ఒక గల్లీలో, మెట్ల కింద నాయనకు జిరాక్స్ డబ్బా ఉండేది. సెలవులొస్తే మా అక్కాచెల్లెళ్ళ కాపురం అక్కడే. మిషన్ మూత కింద అటూ ఇటూ పరుగెత్తే పచ్చటి వెలుతురు, నాయన వేళ్ళకు అంటిన నల్లటి పొడి, ఎదురు హోటల్లో కాగుతున్న చాయ్, పుస్తకాలు చంకన పెట్టుకుని వరసలో నిలబడి దిక్కులు చూసే ఉద్యోగాల పిల్లలు, ఇదే మా లోకం. రేణుక ఊరికే ఉండేది కాదు, అద్దం మీద చెంప ఆనించి తన మొహం కాపీ తియ్యమని పోరేది. నాయన కసురుకునేవాడు, కాసేపటికి ఎవరూ లేనప్పుడు దాని అరచెయ్యి కాపీ తీసి ఇచ్చేవాడు. వానాకాలం గల్లీ నిండా నీళ్ళు నిలిస్తే పాడైపోయిన కాపీలతో పడవలు చేసి వదిలేవాళ్ళం. ఎవరివో మార్కుల మెమోలు తేలుకుంటూ పోయి మోరీలో పడేవి.

రేణుక పుట్టింది ఆషాఢంలో, బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం జరిగిన మంగళవారం నాడు. ఎల్లమ్మకే రేణుక అని ఇంకో పేరు, ఆ పేరు అందుకే. మా ఇంట్లో దాని పుట్టినరోజంటే కల్యాణమే, తేదీతో పని లేదు. ఆ పొద్దున అమ్మ తలంటుకుని, కుండకు పసుపు రాసి వేపమండలు కట్టి, బెల్లం అన్నం వండుతుంటే ఇల్లంతా నెయ్యి, యాలకులు, తడి వేపాకు కలిసిన వాసన అలుముకునేది. మధ్యాహ్నానికి గారెలు, మటన్ కూర. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు రెండు గదుల్లో చోటు చాలక మెట్ల మీద కూర్చుని తినేవాళ్ళు. రేణుక మాత్రం ఊరంతా తన పుట్టినరోజే చేస్తోందని నమ్మేది. డప్పులు ఎందుకు కొడుతున్నారే అంటే, నాకోసమే అనేది. నేను కుళ్ళుకుని చచ్చేదాన్ని. నా పుట్టినరోజు డిసెంబరులో, ఎవరికీ పట్టని ఒక మామూలు రోజున వచ్చేది.

దానికి నాలుగేళ్ళు నిండిన కల్యాణం నాడే, ఆ జనంలో, నా చెయ్యి విడిపించుకుని మాయమైంది. నేను ఏడ్చుకుంటూ పోయి మైకు పట్టుకున్న ఆయనకు చెప్పాను. జిరాక్స్ నర్సింహ బిడ్డ తప్పిపోయిందని ఆయన రెండుసార్లు అరిచాడో లేదో, గాజులమ్మే ఆమె దాన్ని చంకనెత్తుకుని తెచ్చింది. రెండు చేతులకూ అప్పటికే ఎర్ర గాజులు తొడిగించుకుంది దొంగమొహంది.

మరుసటి జూన్‌లో అమ్మ దాన్ని మా బడిలో వెయ్యడానికి తీసుకొచ్చింది. సారు పుట్టిన తేదీ అడిగితే, కల్యాణం నాడు పుట్టిందని చెప్పింది. కల్యాణం దాటితే గానీ అయిదు నిండవు కాబట్టి వచ్చే ఏడు తీసుకురమ్మన్నాడాయన. ఇంకో ఏడాది అది అమ్మ పక్కన హాయిగా ఉండటం, నేనొక్కదాన్నే బడికి పోవడం నాకు బొత్తిగా నచ్చలేదు. నాకు కంఠతా వచ్చిన తేదీ ఒక్కటే, నాది. అదే చెప్పేశాను. సారు నవ్వాడు, అమ్మ కాదనలేదు, సంవత్సరం ఆయనే సరిపెట్టి రాసుకున్నాడు. మాలాంటి ఇళ్ళ పిల్లల పుట్టినరోజులు చాలామటుకు అట్లా సార్ల పెన్నుల్లో పుట్టినవే. నా డిసెంబరు దాని పదో తరగతి మెమో మీదికి, అక్కణ్ణుంచి పాస్‌పోర్టు మీదికి ఎక్కింది. ఇంట్లో మాత్రం, పాత క్యాలెండరు తిరగేసి ఆ మంగళవారం ఏ తేదీనో పట్టుకున్నాక, కేకు కోసింది ఎప్పుడూ జూలైలోనే.

పెద్దయ్యాక రేణుక యూసుఫ్‌గూడలో బ్యూటీపార్లర్ పని నేర్చుకుని గల్ఫ్ పోయింది. ఈమధ్య మొదటి పార్లర్ మానేసి ఇంకోచోట చేరబోతూ, కొత్త వీసా కోసం అక్కడివాళ్ళు చేసినట్టే బస్సెక్కి సరిహద్దు దాటి వెనక్కి రావాలనుకుంది. చెప్పకుండా పారిపోయిందని పాత యజమానురాలు ఫిర్యాదు పెట్టిందట. ఆ సంగతి సరిహద్దు కౌంటర్లో బయటపడింది. నాకు ఫోను చేసి చెప్పింది దాని గదిలో ఉండే తణుకు అమ్మాయి.

"అక్కగారూ, బస్సు వచ్చేసిందండి, తను రాలేదు. ఫోను కూడా లాగేసుకున్నారంట," అంది. ఎక్కడ పెట్టారో ఆమెకూ తెలియదు.

పంజాగుట్టలో గల్ఫ్ పోయినవాళ్ళ ఇళ్ళకు సాయం చేసే చిన్న ఆఫీసు ఉందంటే పరుగెత్తాను. అక్కడి అన్న పాస్‌పోర్టు నంబరు అడిగాడు. రేణుక అక్కడే కొత్త పాస్‌పోర్టు చేయించుకుంది, దాని కాపీ మా ఇంట్లో లేదు. ఊరందరి కాగితాలూ కాపీలు తీసిన మనిషి బిడ్డలం, తలెత్తుకోలేకపోయాను. అయితే పేరు, పుట్టిన తేదీ చెప్పమన్నాడు. చెప్పాను. ఆలోచించను కూడా లేదు, జూలై తేదీ చెప్పాను. మూడు రోజులు అడిగిన ప్రతిసారీ ఆ పేరుతో, ఆ తేదీతో ఎవరూ లేరనే జవాబు. అమ్మ అన్నం ముట్టలేదు. నేను అనుకోని చెడు లేదు. నాలుగో రోజు ఆ అన్నకే అనుమానమొచ్చింది.

"సర్టిఫికెట్ల ఉన్న తారీఖే గద అక్కా నువ్వు చెప్పింది?"

మూడు రోజులు నా నోటితో నేనే దాన్ని లేకుండా చేశాను.

డిసెంబరు తేదీ ఇచ్చిన సాయంత్రానికే దొరికింది. దొరికిందంటే, ఉందని తెలిసింది. సరిహద్దు దగ్గర ఒక గదిలో, ఇంకొందరు ఆడవాళ్ళతో. పాత యజమానురాలు ఫిర్యాదు వాపసు తీసుకుంటే పంపిస్తారు. తణుకు అమ్మాయి రెండుసార్లు పోయి బతిమాలినా ఆమె చూద్దామనే అంటోంది. ఆఫీసు అన్న, జర ఓపిక పట్టాలె, మన చేతుల లేదంటాడు. నేనిచ్చిన సర్టిఫికెట్ల కాపీలు అక్కడ ఎవరు చూస్తారో ఆయనకూ తెలియదు. బయటికొచ్చి అమీర్‌పేట దాకా నడిస్తే, నాయన డబ్బా ఉన్న మెట్లు లేవు, ఆ గల్లీలో నాయన పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళూ లేరు. ఈ అమీర్‌పేటలో నేను ఏ మైకు దగ్గరికి పోయి ఏడవాలో తెలియలేదు.

మొన్న మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. రెండు నిమిషాలే మాట్లాడనిస్తారట. స్పీకరు పెట్టాను. అమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చి నా పక్కన కూలబడింది. తిండి పెడుతున్నారని, ఎవరూ ఏమీ అనడం లేదని, ఏసీ చలికి నిద్ర పట్టడం లేదని రేణుక గబగబా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"అక్కా, అమ్మకైతె చెప్పలే గద? ఎర్కైతె తట్టుకోదు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, వద్దు వద్దని నాకు చెయ్యి ఊపింది.

"చెప్పలే," అన్నాను. "పార్లర్ల మస్తు పనుందని చెప్పిన."

"మంచిగ చేసినవ్," అంది రేణుక. లైను తెగిపోయింది.

అప్పుడు అమ్మ కొంగు తీసి, నా చేతిలోంచి ఫోను లాక్కుని, ఎవరూ లేని ఆ ఫోనులోకి, "బిడ్డా, తిన్నవా?" అని అడిగింది.