కుండీలో తడి

ఎడారి గులాబీని పెంచడం కష్టమేమీ కాదు, నీళ్లు పోయకుండా ఉండగలిగితే చాలు. మొదలు బుంగలా ఉబ్బి, కావలసిన నీళ్లు అందులోనే దాచుకుంటుంది. మట్టిలో సగం ఇసుక కలిపి, కుండీని ఎండ తగిలే ప్రహరీ గోడ మీద పెట్టాను. వేలు గుచ్చి చూసి, లోపలిదాకా పొడిగా ఉంటేనే చెంబుడు నీళ్లు. ఇందుకూరుపేట ఎండలకు నాకంటే అదే బాగా తట్టుకుంది.

అలాంటిది ఈ వేసవిలో ఆకులు పసుపెక్కాయి. వేలు గుచ్చితే తడి. నేను పోసి పది రోజులైంది. మర్నాడూ తడే. మొదలు నొక్కి చూస్తే మగ్గిన సపోటాలా మెత్తగా దిగబడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అనుమానం పక్కింటి అక్క మీదికి పోయింది. గోడ రెండిళ్లకూ ఉమ్మడిది. అంతకుముందే ఆమె ఒక కొమ్మ అడిగితే నేను ఇవ్వలేదు. ఇక ఆమె గోడ దగ్గర బకెట్ పెట్టినా తప్పే, మొక్క వంక చూసినా తప్పే, చూడకపోతే మరీ తప్పు. ఆమె పంపిన చేపల పులుసు గిన్నెను కడిగి ఖాళీగా తిప్పి పంపాను. మా వైపు ఎంత కోపమున్నా అందులో కనీసం నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపుతారు. అప్పటికీ కడుపుమంట చల్లారక మొహం మీదే అడిగేశాను.

"నా చెట్టుకి నీళ్లు పోసేది నువ్వే గదక్కా?"

ఆమె "నేనే అనుకో" అని లోపలికి వెళ్లిపోయింది. దొంగ దొరికిందనుకుని మాటలు మానేశాను.

వారం తర్వాత ఆమె ఇంటికి తాళం వేసి గూడూరులో కూతురి దగ్గరికి వెళ్లింది. మర్నాడు వేలు గుచ్చితే మళ్లీ తడి! ఆ మరుసటి రోజు తెల్లవారుతుండగానే వంటింటి కిటికీ దగ్గర కాపు కాశాను.

చెంబుతో వచ్చింది మా మామగారు. అటూ ఇటూ చూసి, మట్టి కోసుకుపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, నారుమడికి పెట్టినట్టు నెమ్మదిగా పోశారు. నీళ్లు ఇంకేదాకా వంగి చూస్తూ నిలబడ్డారు. నేను బయటికి రాగానే చెంబు వెనక్కి దాచుకున్నారు.

"మట్టి బీటలిచ్చిందమ్మా. చూస్తా చూస్తా ఊరకుండలేకపోయినా."

మా రెండెకరాల మడి రొయ్యల గుంటకు లీజుకిచ్చినప్పటి నుంచి ఆయనకు నీళ్లు పెట్టడానికి చేనే లేదు. ఇంట్లోనే ఉన్న మనిషి మీదికి నా ఆలోచన ఒక్కసారైనా పోలేదు. సిగ్గేసింది.

సాయంత్రం అక్క రాగానే వెళ్లాను.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"రోజూ చూస్తానే ఉన్నా."

"మరి నీ మీద ఎందుకు వేసుకున్నావు?"

"చెప్తే పెద్దాయన మీద అరుస్తావని. నన్నంటే పడతా. ఆయన పడలేడు గదా" అంది.

నిజమే. నేను అరిచేదాన్నే.