సుగుణ తెల్లకోటుకు సరిపడే తుపాకీ కోసం యకీమా దాకా

ఆ బుధవారం సుగుణ ఫోన్ చేసి హలో కూడా అనలేదు. "అక్కా, శనివారం ఖాళీయేనా? నాకు తుపాకీ కొనాలి," అంది.

సుగుణ బాపట్ల అమ్మాయి. వాళ్లమ్మా మా అమ్మా ఒకే మిషన్ స్కూల్లో టీచర్లు. ఎనభైల మధ్యలో ఆమె వాషింగ్టన్ రాష్ట్రంలోని యకీమా లోయలో, ఆపిల్ తోటల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో ఫార్మసిస్ట్. ఊరి పేరు రాయను. ఆ జూన్‌లో ఒకడు షాపు మూసే వేళకు కత్తితో వచ్చి మత్తు బిళ్లలు పట్టుకుపోయాడు. వారంలో దొరికాడు. వాణ్ణి కళ్లారా చూసింది సుగుణ ఒక్కతే. కేసు నవంబర్‌లో కోర్టుకొస్తుంది. సెప్టెంబర్‌లో మూడు సాయంత్రాలు, ఆమె తాళం వేసే సమయానికి, వాడి అన్న తన పికప్ ట్రక్కును షాపు ఎదురుగా ఆపుకుని కూర్చున్నాడు. మాట్లాడలేదు, దిగలేదు. రోడ్డు మీద బండి ఆపుకోవడం నేరం కాదన్నారు పోలీసులు.

తర్వాత మూడు వారాలు ఆమె పగటి షిఫ్ట్ చేసింది. షాపు యజమాని మర్యాదస్తుడే, కానీ అలా ఎన్నాళ్లో నడపలేనన్నాడు. సోమవారం నుంచి మళ్లీ సాయంత్రం షిఫ్ట్‌కి రావాలి, లేదా అరవై మైళ్ల అవతల ఉన్న అతని ఇంకో షాపుకు మారాలి. శనివారం సాయంత్రానికల్లా ఏదో ఒకటి చెప్పాలి. సుగుణ మారదలుచుకోలేదు. ఆమెకు అప్పటికే పౌరసత్వం వచ్చింది. తుపాకీని బట్టల కింద దాచి వెంట ఉంచుకునేందుకు లైసెన్స్ పెట్టుకుంది, మంగళవారం అదీ చేతికొచ్చింది. ఏ తుపాకీ అన్నదే ఇంట్లో తేలలేదు. ఆమె భర్త దేవదానం కాలువల శాఖలో ఇంజనీరు. ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ కప్పులు పట్టుకుని మరో ముగ్గురు మగవాళ్లతో చర్చించి, తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ ఒకటి ఖాయం చేశాడు.

"నలుగురు మగాళ్లు కూర్చుని నా చెప్పుల సైజు తేల్చినట్టుంది," అంది సుగుణ. "నువ్వు పోలీసు వార్తలు రాసినదానివి. వచ్చి పక్కన నిలబడు, చాలు."

పోలీసు వార్తలు రాసిన మాట నిజమే, ముందు గుంటూరులో, తర్వాత ఇక్కడ. కానీ నేను దగ్గరగా చూసిన తుపాకులన్నీ పని జరిగిపోయాక సంచీలో వేసి చీటీ కట్టినవే. కొనేముందు చూడటం అదే మొదటిసారి.

శనివారం ఉదయం ఆరూ పదికి మా ఊరు రెడ్‌మండ్‌లో బయలుదేరాను. తొంభయ్యో నంబర్ ఇంటర్‌స్టేట్ ఎక్కి తూర్పుగా పోతే గంటలోపే కొండల మధ్య స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ వస్తుంది. అక్టోబర్ మూడో వారం కాబట్టి మంచు ఇంకా మొదలవలేదు, రోడ్డు తడిగా మాత్రం ఉంది. అప్పట్లో వేగ పరిమితి యాభై ఐదు మైళ్లు, కొండ దిగేచోట పోలీసులు దాన్ని గట్టిగానే పట్టించుకునేవాళ్లు. పాస్ దిగాక క్లీ ఎలమ్‌లో కాఫీకి ఆగాను. కౌంటర్ వెనకున్న వంటాయన గుడ్లు తిరగేస్తూ ఎక్కడికి, ఏం పని మీద అని అడిగాడు. చెప్పాను.

"వేటకా?"

"కాదు, మందుల షాపులో పనిచేసే ఒకావిడకు."

ఆయన కప్పు నింపాడు. "తేలికపాటిది కొననివ్వకండి. మా ఆవిడ అదే కొంది. రెండుసార్లు కాల్చి చెయ్యి నొప్పని డ్రాయర్లో పడేసింది. నాలుగేళ్లయింది, ఇంకా అందులోనే ఉంది."

ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కాఫీ, రెండు గుడ్లు, టోస్ట్ కలిపి మూడు డాలర్లలోపే. ఎలెన్స్‌బర్గ్ దగ్గర ఎనభై రెండో నంబర్ రోడ్డుకు మళ్లితే చెట్లు ఆగిపోయి బోడికొండలు మొదలవుతాయి. వాటి మీదుగా యకీమా, అక్కణ్ణుంచి దక్షిణంగా మరో ఇరవై ఐదు నిమిషాలు. తొమ్మిదిన్నరకు సుగుణ ఇంట్లో ఉన్నాను.

గోధుమరవ్వ ఉప్మా సిద్ధంగా ఉంది. దేవదానం ఒక గ్రాఫ్ కాగితం మీద మూడు తుపాకుల బరువు, పొడవు, ఎన్ని తూటాలు పడతాయో గీతలు గీసి రాసుకున్నాడు. ఆరేళ్ల కూతురు ఎస్తేరును పక్కింట్లో దింపి వచ్చాక, ప్రయాణానికి ముందు వాళ్ల అలవాటు ప్రకారం ప్రార్థన చేశాడు. రోడ్డు కోసం, నా కోసం, షాపు కోసం ప్రార్థించి, చివర్లో "తొమ్మిది మిల్లీమీటర్లదే మీ చిత్తమైతే ఆ మార్గం సుగమం చేయండి ప్రభువా" అని కలిపాడు.

సుగుణ ఆమెన్ అని కళ్లు తెరిచింది. "ఏవండీ, దేవుడికి మోడల్ కూడా మీరే చెప్పాలా?"

"మనసులో ఉన్నదే అడిగాను."

"నా మనసులో ఉన్నది నేనూ అడిగాన్లెండి. ఆయనే తేలుస్తాడు."

యకీమా శివార్లలో ఆ షాపు నడిపే వాల్టర్‌కు డెబ్బై దాటాయి. తుపాకులమ్ముతాడు, వాటికి తోలు ఒరలు కుడతాడు. షాపు వెనక, కాల్చి చూసేందుకు మట్టిగట్టు కట్టిన రేంజ్ ఉంది. అతను మొదట అడిగింది మోడల్ గురించి కాదు. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" ఉన్నారంటే, తాళం పడే ఇనుప పెట్టె ఒకటి కౌంటర్ మీద పెట్టి, "ఇది లేకుండా నేను అమ్మను," అన్నాడు. తర్వాత లైసెన్స్ చూశాడు. అది ఉంది కాబట్టి ఆరోజే ఇవ్వొచ్చన్నాడు.

కౌంటర్ మీదికి మూడు వచ్చాయి. దేవదానం ఎంచిన తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్, అంతకంటే చిన్నదైన త్రీ ఎయిటీ సైజు పిస్టల్, ఐదు తూటాలు పట్టే థర్టీ ఎయిట్ సైజు ఉక్కు రివాల్వర్. రేంజ్‌లో ఏడు గజాల దూరం నుంచి కాల్చాలి. షాపు గదిలో నడవా అంతకంటే పొడవుండదని సుగుణే చెప్పింది. చెవులకు మూతలు పెట్టుకుని గట్టు ముందు నిలబడ్డాం.

తొమ్మిది మిల్లీమీటర్ల దాన్లో మొదటి తూటా ఎక్కాలంటే పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగి వదలాలి. సుగుణ ఐదుసార్లు లాగింది. రెండుసార్లే పూర్తిగా వచ్చింది. దేవదానం చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు, నేను లాగిస్తాను."

"రాత్రి ఎనిమిదికి పార్కింగ్‌లో కూడా మీరే వచ్చి లాగుతారా?"

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చిన్న పిస్టల్ స్లైడ్ కూడా అంతే బిగువుగా ఉంది, పైగా మూడో తూటా ఇరుక్కుంది. ఇరికితే ఎలా తీయాలో వాల్టర్ చూపించాడు. సుగుణ నేర్చుకుని ఒకసారి తీసింది, కానీ దానికి ఎంతసేపు పట్టిందో ముగ్గురం చూశాం. రివాల్వర్‌లో లాగే స్లైడ్ లేదు. ట్రిగ్గర్ గట్టిది, రెండు చేతులూ కావాలి. ఐదింటిలో నాలుగు కాగితం బొమ్మ ఛాతీలో పడ్డాయి.

"ఐదేనా?" అన్నాడు దేవదానం, గ్రాఫ్ కాగితం చూసుకుంటూ.

"మీ దాన్లో ఎక్కువే పడతాయి. ఎక్కించడమే నాకు రావట్లేదు."

కథ అక్కడ ముగిసిందనుకున్నాను. రివాల్వర్, నడుం బెల్టుకు తగిలించే తోలు ఒర అని రాసుకున్నాను కూడా. వాల్టర్ బిల్లు రాయలేదు. సుగుణ వేసుకున్న స్వెటర్, ప్యాంటు చూసి, "పనిలో ఇవే బట్టలా?" అన్నాడు. కాదు, మోకాళ్ల దాకా వచ్చే తెల్లకోటు, బొత్తాలన్నీ పెట్టుకోవాలి అంది సుగుణ. అతను లోపలికెళ్లి, ఒరలు కుట్టేటప్పుడు లోపల దూర్చే అల్యూమినియం అచ్చులు రెండు తెచ్చాడు. తుపాకీ ఆకారమే, పేలేదేమీ ఉండదు. ఒకటి రివాల్వర్‌ది, రెండోది తొమ్మిది మిల్లీమీటర్ల దాని అచ్చు. "మీ షాపులో కోటు వేసుకుని పైఅర అందుకోండి, కిందఅరకు వంగండి. ఆరింటికి మూసేస్తాను. ఆలోగా రండి."

దారిలో పక్కింటి నుంచి ఎస్తేరును ఎక్కించుకున్నాం. మందుల షాపు శనివారం ఒంటిగంటకే మూస్తారు, తాళం సుగుణ దగ్గరుంది. కోటు వేసుకుని బెల్టుకు అచ్చు తగిలించింది. పైఅర మీది డబ్బా అందుకోగానే కోటు గుడ్డ బిగిసి, నడుం దగ్గర పిడి ఆకారం అచ్చుగుద్దినట్టు కనిపించింది. చేతికి రావాలంటే మూడు బొత్తాలు విప్పాలి. నేను వాచీ చూశాను. తొమ్మిది సెకన్లు.

"అందుకే హ్యాండ్‌బ్యాగ్ అన్నాను మొదట్నుంచీ," అన్నాడు దేవదానం. "బ్యాగులోనైతే ఏ సైజైనా పడుతుంది. నాదే పెట్టి చూడు."

సుగుణ వాదించలేదు. తొమ్మిది మిల్లీమీటర్ల అచ్చును బ్యాగులో పెట్టి, బ్యాగు కౌంటర్ మీద ఉంచి, వెనక తలుపు నుంచి కారు దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టడానికి నన్ను తీసుకుని బయటికి నడిచింది. ముప్పై ఎనిమిది అడుగులు. తిరిగొచ్చేసరికి ఎస్తేరు స్టూలెక్కి నిలబడి ఉంది. రెండు చేతులతో అచ్చును పట్టుకుంది. దాని మూతి తన వైపే ఉంది.

"మమ్మీ, వాట్ ఈజ్ దిస్? చాలా హెవీ ఉంది. పెప్పర్‌మింట్ ఎక్కడ?"

తెలుగు ఆరాధన రెండున్నర గంటలు సాగుతుంది. ప్రసంగం మధ్యలో పిల్లలు కదలకుండా ఉండటానికి ఆ సంఘంలో ప్రతి తల్లి బ్యాగులోనూ పెప్పర్‌మింట్లు ఉంటాయి. ఎస్తేరే కాదు, ముందు వరసలోని పిల్లలంతా సుగుణ ఆంటీ బ్యాగులో అడక్కుండా చెయ్యి పెట్టేవాళ్లే. ఈ సంగతి తెలియనివాళ్లెవరూ ఆ గదిలో లేరు. కాఫీ కప్పులతో చర్చించిన నలుగురిలోనూ లేరు.

దేవదానం కూతురి చేతిలోంచి అచ్చు మెల్లగా తీసుకున్నాడు. గ్రాఫ్ కాగితం నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. "నువ్వే చెప్పు సుగుణా, ఎక్కడ పెట్టుకుంటావో. దాన్ని బట్టి కొందాం," అన్నాడు.

ఆమె కోటు విప్పి అటూ ఇటూ తిప్పి చూసింది. మందులు కట్టేచోట ఉన్న కత్తెర తీసుకుని కుడిపక్క కుట్టు జానెడు విప్పింది. కోటు వేసుకుని ఆ చీలికలోంచి చెయ్యి దూర్చితే నేరుగా ప్యాంటు జేబులోకి వెళ్లింది. బయటికి ఏమీ కనిపించలేదు. రివాల్వర్ అచ్చుతో చూస్తే, తూటాను కొట్టే సుత్తి వెనక పొడుచుకొచ్చి ఉంటుంది కదా, దాని కొన జేబు గుడ్డకు పట్టుకుంది. అయినా రెండు సెకన్లే.

ఐదుంబావుకు వాల్టర్ దగ్గర ఉన్నాం. సుత్తి గుడ్డకు పట్టుకుంటోందని వినగానే అతను నాలుగోది తీశాడు. అదే థర్టీ ఎయిట్, సుత్తి లోపలే మూసి ఉంటుంది, చట్రం అల్యూమినియం. బరువుకు జేబు వేలాడదు. కానీ తేలిక కాబట్టి అరచేతిని గట్టిగా తంతుంది. క్లీ ఎలమ్ వంటాయన మాట చెప్పాను. సుగుణ విని, యాభై తూటాల పెట్టె అడిగింది. పదో తూటాకు అరచెయ్యి ఎర్రబడింది. ఇరవయ్యోదానికి కట్టు కట్టుకుంది. యాభై అయ్యేదాకా ఆపలేదు. చివరి ఐదూ ఛాతీలోనే పడ్డాయి.

"డ్రాయర్లో పడేయను," అంది నాతో. "ప్రతి శనివారం వస్తాను. రాసుకో."

రివాల్వర్, జేబు ఒర, ఇనుప పెట్టె కలిపి మూడు వందల డాలర్లకు కాస్త తక్కువ. వాల్టర్ ఫోన్ నుంచే మందుల షాపు యజమానికి చెప్పింది: సోమవారం సాయంత్రం వస్తున్నాను. నేను పాస్ దాటి రెడ్‌మండ్ చేరేసరికి తొమ్మిది దాటింది. సోమవారం ఎనిమిదిన్నరకు ఫోన్ వచ్చింది. "ట్రక్కు ఉంది అక్కా. నేను తాళం వేశాను, ముప్పై ఎనిమిది అడుగులు నడిచాను, ఇంటికొచ్చాను. నా చెయ్యి చీలికలోనే ఉంది, వాడు చూడనైనా లేదు. పెట్టెకు తాళం వేశాకే నీకు చేస్తున్నా." నవంబర్‌లో ఆమె కోర్టులో బోనెక్కి ఆ కత్తి దొంగను గుర్తించింది.

ఆ ప్రయాణంలో నేను వెళ్లింది ఒక యంత్రాన్ని ఇంకో యంత్రంతో పోల్చడానికి. బరువు, పొడవు, తూటాల లెక్క అన్నీ రాసుకున్నాను, అన్నీ నిజాలే. ఆరోజు నిర్ణయించింది మాత్రం ఆ కాగితంలో లేనివి: ఒక అరచెయ్యి, ఒక కోటు కుట్టు, ఒక పిల్ల అలవాటు. సుగుణ ఆ షాపులో చేసిన అన్నేళ్లూ ఆ రివాల్వర్ రేంజ్‌లో తప్ప ఎక్కడా పేలలేదు. వాళ్ల సంఘానికి వెళ్లినప్పుడల్లా చూశాను, పిల్లలు ఆమె బ్యాగులో అడక్కుండానే చెయ్యి పెడతారు. పెప్పర్‌మింట్లే దొరుకుతాయి.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ధరలూ చట్టాలూ మారిపోయాయి, వాటిని మీ కౌంటీలో అడిగి తెలుసుకోండి. షాపుకు మాత్రం మీరు రోజూ పనికి వేసుకునే బట్టలతోనే వెళ్లండి. సుగుణ ఆ కోటు మొదటే తెచ్చుకుని ఉంటే మాకు యాభై మైళ్లు కలిసొచ్చేవి.