మూడు గంటల అంకె

తొమ్మిదేళ్లుగా ఒక అంకె బరువు మోస్తున్నాను. నా చేత్తో రాసిందే. తప్పుడు అంకె. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను చదివింది ఐదో తరగతి. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో జమ్మలమడుగులో ఒక ఆఫీసులో గుమాస్తాను. గాలి బరువు చూపే బారోమీటరు నా బాధ్యత. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం మూడింటికి దాని ముల్లు చూసి పుస్తకంలో రాయాలి. రెండేళ్లు రాశాక ఒక సంగతి కనిపెట్టాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి ముల్లు రోజూ దాదాపు ఒకే కొలత దిగుతుంది. ఇక మూడింటికి కుర్చీలోంచి లేవడం ఎందుకు? పొద్దునే తీసివేత చేసి రెండు గడులూ నింపేసేవాణ్ణి. ఎప్పుడైనా వెళ్లి చూస్తే నా అంకె సరిపోయేది. దాన్ని సోమరితనం అనుకోలేదు. తెలివి అనుకున్నాను.

ఆ ఏడు ప్రొద్దుటూరు పక్కన బీడు చదును చేసి, వేరుశనగ చేలకు మందు చల్లే చిన్న విమానం దించారు. నడిపేది పులివెందుల మనిషి, నాకంటే చిన్నవాడు. చుట్టరికం లేకపోయినా మామా అనేవాడు. మబ్బు గండికోట కొండల మీదుగా వస్తే ముందు కనిపించేది మాకే. అందుకని ఎగిరేముందు నాకు ఫోన్ చేసేవాడు.

ఆ రోజు మూడు దాటింది.

"మామా, ముల్లు యాడుంది?"

"నిన్న ఉన్నచోటే ఉందప్పా."

"చూసి చెప్తాండావా, కూసున్నకాడ్నే లెక్కేసి చెప్తాండావా?" నవ్వాడు.

"ఇప్పుడే చూసొచ్చినా."

"నువ్వు చెప్పినాక ఇంగేంది! పులివెందులకు పోతాండా. మాయమ్మ సంగటి చేసి కాసుకోనుంటాది."

ఫోన్ పెట్టాక కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. అప్పుడు లేచాను. పక్క గదిలో ముల్లు, నేనెన్నడూ చూడనంత కిందికి దిగి ఉంది. అంత దిగిందంటే గాలివానే. పడమర నల్లబడింది.

అతను ఇంకా నేలమీదే ఉన్నాడు. బయల్దేరడానికి పావుగంట పడుతుందని నాకు తెలుసు. నా బల్ల దగ్గరికొచ్చాను. ఫోన్ చేతికందే దూరంలో ఉంది. చేస్తే ఏమని చెప్పాలి? ఇందాక చూడలేదనే కదా? ఫోన్ తీయలేదు. కాగితం తీశాను. పులివెందులకు ఇన్ని మైళ్లు, విమానం వేగం ఇంత, మబ్బు నడక ఇంత అని వేసుకుని, వానకంటే ముందే దిగిపోతాడని తేల్చుకున్నాను. ఎదురుగాలి విమానాన్ని ఎంత వెనక్కి లాగుతుందో అందులో వేయలేదు. మరిచానా? వేస్తే జవాబు మారిపోతుందని నా చేతికి ముందే తెలుసా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

గాలివానకు విమానం ముద్దనూరు దగ్గర నల్లరేగడి చేలో పడింది. అతని ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలిదాకా తీసేశారు. విచారణకు వచ్చినవాళ్లు నా పుస్తకం తిరగేశారు. ఒక్క కొట్టివేత లేని పుస్తకం. మూడింటికి చూశావా అన్నారు. చూశానన్నాను. మబ్బు కనిపిస్తున్నా దుడుకుగా వెళ్లాడని తప్పు అతని మీదే రాశారు. లైసెన్సు పోయింది.

ఇప్పుడు ప్రొద్దుటూరులో పంపుసెట్లు బాగుచేస్తున్నాడు. చెప్పేద్దామనే పోయిన నెల వెళ్లాను. నన్ను చూసి స్టూలు జరిపాడు. నేను నోరు తెరిచేలోపే అన్నాడు: "నీ తప్పేముంది మామా. నువ్వు చూసే చెప్పినావు. ఆ మబ్బు, ఆ మోడమే నమ్మిచ్చి గొంతు కోసింది."

ఔనన్నట్టు తలూపాను. టీ తాగి వచ్చేశాను.

ఫోన్‌లో ఒకసారి, ఫోన్ తీయక ఒకసారి, విచారణలో ఒకసారి, ఆ స్టూలు మీద ఒకసారి. నన్ను నమ్మిన మనిషికి నేను చేసిన ద్రోహం నాలుగుసార్లు. తొమ్మిదేళ్లుగా దాన్ని ఒకటనే లెక్కపెట్టుకుంటూ వచ్చాను. ఈ రాత అతని కంటబడొచ్చు, పడకపోవచ్చు. పడినా కాలు రాదు. క్షమించమని అడగడం లేదు.

ఆ రోజు మూడింటికి నేను ముల్లు చూడలేదు. చూసేసరికి అది ఇరవై తొమ్మిది అంగుళాలకు మూడు గీతలు కింద ఉంది. ఈ అంకె కాగితం మీద పెట్టడం ఇదే మొదలు.